బోరులో చేప పడింది

నాకు ఉద్యోగం కొత్త, మన రాష్ట్రమూ కొత్త. ఆ రోజులు తలచుకుంటే ఇద్దరికీ ఒకే రకం ధీమా ఉండేదనిపిస్తుంది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు గనక ఇలా ఉంది, ఇక మనం వచ్చాం గదా, అన్నీ చక్కబడతాయి అని. రాష్ట్రం సంగతి చూసుకోవడానికి పెద్దవాళ్లున్నారు. నా ధీమాకు మాత్రం ఒక ప్రొజెక్టరు, ఒక తెల్లగుడ్డ, రెండు స్పీకర్లు, వాటిని మోసే పాత మోటారు సైకిలు తప్ప వేరే దిక్కు లేదు. ఎం.ఎస్.డబ్ల్యూ. పాసై, ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి, హైదరాబాదులో శిక్షణ తీసుకుని కట్టంగూరులో ఇంటికి వస్తే మా బాపు "ఏం నౌకరిరా?" అని అడిగాడు. ఊళ్లల్లో సినిమాలు చూపించి మానసిక ఆరోగ్యం గురించి చెప్పాలి అన్నాను. బాపు బీడీ ముట్టించి, అది సగం కాలేదాకా ఆలోచించి "అంటే, టూరింగ్ టాకీసు" అన్నాడు. "గింత సదువు సదివింది గుడ్డ గట్టి బొమ్మలేయనీకా?" అని కూడా అన్నాడు. అవ్వకు మాత్రం ఈ నౌకరి తెగ నచ్చింది. మా వాడకట్టంతా తిరిగి "మా మనుమడు సిన్మలల్ల ఉన్నడు" అని చెప్పుకొచ్చింది. (దాని పుణ్యమా అని ఒకటి రెండు సంబంధాలు కూడా వచ్చాయి. నేను ఉన్నది సినిమాల్లో కాదు, సినిమాల వెనక కట్టిన గుడ్డ దగ్గర అని తెలిసి వచ్చిన తోవనే వెళ్లిపోయాయి.)

సినిమాలే ఎందుకంటే, మాకు శిక్షణ ఇచ్చిన మేడం సిద్ధాంతం అది. జనం రోగాల గురించి నేర్చుకునేది డాక్టర్ల దగ్గర కాదు, తెరమీద అనేవారావిడ. ఆలోచిస్తే నిజమే. మన సినిమాల్లో హీరో తలకు ఒక దెబ్బ తగిలితే గతం మరిచిపోతాడు, ఇంకో దెబ్బ తగిలితే గుర్తుకు తెచ్చుకుంటాడు, రెండు దెబ్బల మధ్య హీరోయిన్ పాటలు పాడుతుంది. పిచ్చివాడంటే చొక్కా చింపుకుని పకపకా నవ్వాలి. పిచ్చాసుపత్రి అంటే నలుగురు పట్టుకుని కరెంటు పెట్టాలి. ఏ జబ్బయినా చివర్లో డాక్టరు కళ్లద్దాలు తీసి "ఇది వైద్యశాస్త్రానికే అందని వింత" అంటే తగ్గిపోతుంది. కాబట్టి ముందు అలాంటి తప్పుడు సన్నివేశం ఒకటి చూపించాలి, అక్కడ ఆపి "ఇందులో తప్పేమిటి?" అని జనాన్ని అడగాలి, వాళ్ల చేత చెప్పించాలి, తర్వాత అసలు సంగతి మనం చెప్పాలి. పద్ధతి చాలా బాగుంది. చివరిదాకా జరిగితే ఇంకా బాగుండేది.

మొదటి ఊరే నా కొంప ముంచింది. హాలియా దాటి లోపలికి పోతే సాగర్ కాలువ ఎక్కలేనంత ఎత్తున ఉంటుంది ఆ ఊరు. అక్కడ నిలబడి చూస్తే కింద కాలువ పొలాలు పచ్చగా కనిపిస్తాయి. పైన మాత్రం రాళ్లు, తుమ్మచెట్లు, ఎండిపోయిన బోర్లు. ఎదుటివాడి విస్తరి చూస్తూ ఆకలితో కూర్చున్నట్టుంటుంది ఆ ఊరివాళ్ల బతుకు. ముందురోజే వెళ్లి పంచాయతీ లెక్కలు చూసే కారోబారుకు నా కార్యక్రమం వివరించాను. డిప్రెషన్‌కు మాకు శిక్షణలో ఇచ్చిన తెలుగు మాట "కుంగుబాటు". ఆ పెద్దమనిషి తల ఊపి, మైకు అందుకుని ఊరంతా వినబడేలా చాటింపు వేశాడు. "రేపు పొద్దుగూకంగ బడికాడ కుంగుబాటు మీద సిన్మ ఏస్తరు. హైదరాబాదుల సదివిన సారు వస్తుండు. అందరు తప్పకుంట రావాలె." ఇంతమంది నా మాట కోసం ఎదురుచూస్తున్నారా అని మరుసటి రోజు బడి ముందు జనాన్ని చూసి నా గుండె ఉప్పొంగింది. ముసలీ ముతకా అందరూ వచ్చారు. నాకు కుర్చీ వేశారు, సోడా తాగించారు. ముందు వరుసలో తలపాగాల పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన "సారూ, కట్ట ముందుగాల సూస్తరా, సిన్మ ముందుగాల ఏస్తరా?" అని అడిగాడు. కట్ట అంటే ఏదో గ్రామదేవత గద్దె కాబోలు, వచ్చినవాళ్లు మొక్కాలి కాబోలు అనుకుని, ముందు సినిమాయే అన్నాను.

లేచి నిలబడి ఉపన్యాసం అందుకున్నాను. కుంగుబాటు పైకి కనబడదు, లోపల్లోపలే మొదలవుతుంది అన్నాను. "అవ్ సారూ, లోపలికెల్లే కుంగింది" అన్నారు పెద్దలు. ఇంత చైతన్యమున్న ఊరా అనుకున్నాను. మొదట్లోనే గుర్తుపట్టాలి అన్నాను. "పోయినేడే గుర్తువట్టినం సారూ, ఎవ్వరిన్నరు?" అన్నారు. సిగ్గుపడకుండా నలుగురికీ చెప్పుకోవాలి అన్నాను. "సిగ్గెందుకు? మండలాఫీసుల ఎన్నిమాట్ల జెప్పినమో లెక్కలేదు" అన్నారు. ఉత్సాహం పట్టలేక, భయపడకండి, దీనికి మంచి మందులున్నాయి అన్నాను. అప్పుడు తలపాగా పెద్దాయన అయోమయంగా నా వైపు చూసి "మందులేంది సారూ? మట్టి వోయాలె గని!" అన్నాడు. ఆయన చెబుతున్నది వాళ్ల చెరువు కట్ట గురించి. వానలకు కట్ట ఒకవైపు కుంగిపోయింది. చెరువులు బాగుచేస్తున్నారని అన్ని ఊళ్లల్లోనూ చెప్పుకుంటున్న కాలం అది. నన్ను ఇంజినీరు సారనుకున్నారు. నేను మట్టి పోయనని, మనుషుల మనసుల గురించి మాట్లాడటానికి వచ్చానని తెలిసిన తర్వాత సగం మంది లేచి తువ్వాళ్లు దులుపుకుని వెళ్లిపోయారు. మిగిలిన సగం సినిమా కోసం ఉన్నారు.

ఏం చేస్తాం, సినిమా వేశాను. నేను ఎంచుకున్న తప్పుడు సన్నివేశంలో ఒక పెద్దరైతు ఉంటాడు. కొడుకు తిరునాళ్లలో తప్పిపోయిన దిగులుతో నోట మాట పోయి, రాయిలా కూర్చుని ఉంటాడు. ఊరంతా ఒక్కటై నాటకం ఆడుతుంది. ఎవరో పిల్లవాడికి వేషం వేసి "నాన్నా!" అని పరుగెత్తిస్తారు. ముసలాయన కెవ్వున అరిచి లేచి మాట్లాడతాడు. డాక్టరు మామూలుగానే కళ్లద్దాలు తీస్తాడు. ఆ సన్నివేశానికి ఊళ్లో ఆడవాళ్లందరూ కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నేను ఆపి, గొంతు సవరించుకుని "ఇప్పుడు చెప్పండి, ఇందులో..." అన్నానో లేదో గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది. నా తెల్లగుడ్డ లేచి బడి కప్పు మీద పడింది. జనం ఎటువాళ్లు అటు ఇళ్లకు పరుగెత్తారు. "తప్పేమిటి?" అనే మాట నా నోట్లోనే ఉండిపోయింది.

దుమారం తగ్గాక గుడ్డ దించి మడతపెట్టుకుంటుంటే ఒకామె వచ్చి రెండో కొస పట్టుకుంది. నలభై ఏళ్లుంటాయి. మనిషి చురుకు, మాట చురుకు. "సారూ, నువ్వు జెప్పింది కట్ట గురించి గాదంట గదా. మనిషి గురించంట గదా" అంది. అవునక్కా అన్నాను. ఆమె గుడ్డను నా చేతికి మడత కలిపి ఇచ్చి "మనిషి కుంగుడైతే మా ఇంట్ల ఉన్నడు" అంది. నేను ఇన్నాళ్లు నేర్చుకున్న పాఠం మొత్తంలో ఆ మాట అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

అప్పుడే ఆమె వెంట వెళ్లాను. అక్క అన్నాను గనక వరసకు ఆమె భర్త నాకు బావ. మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒకటి తర్వాత ఒకటి బోర్లు వేయించాడట. అన్నింట్లోనూ దుమ్మే లేచింది. ఆఖరి బోరు ఎండిననాడు ఇంటికి వచ్చి పడుకున్నవాడు మళ్లీ సరిగా లేవలేదు. "తింటలేడు, మాట్లాడుతలేడు. రంది వెట్టుకున్నడు సారూ. గదే గోడ, గదే సూపు" అంది అక్క. రంది! కుంగుబాటు అని రెండు రోజులు మైకులో అరిపించిన మాటకు ఆ ఇంట్లో రెండక్షరాల పేరు ఉంది. నేను కట్టంగూరులో పుట్టి పెరిగినవాణ్ని, మా అవ్వ నోట రోజూ వినే మాట. శిక్షణలో నోట్సు రాసుకుంటూ దాన్ని ఎక్కడో పారేసుకున్నాను.

అక్క పశువులు చూసుకుంటూ, పాలు పోస్తూ, కూలికి పోతూ, ఆయన ముందు రెండు పూటలా అన్నం పెట్టి ఎత్తుతూ ఉండేది. పురుగుల మందు డబ్బాను ఇంట్లో ఉంచకుండా తన తమ్ముడి ఇంట్లో దాచింది. అది చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించింది. మిగతావన్నీ గలగలా చెప్పింది, మధ్యమధ్య నవ్వింది కూడా. ధైర్యం గల మనిషి అనుకున్నాను. ఇది జబ్బేనక్కా, నల్లగొండ పెద్ద దవాఖానలో మంచి డాక్టరు మేడం ఉన్నారు, గోళీలతో తగ్గుతుంది అన్నాను. ఆ మాట వినగానే అంతసేపు బండలా ఉన్న బావ మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. "దవాఖానంటె గిట్లనే జేస్తడు. కరెంటు వెడ్తరని భయం. సిన్మలల్ల సూపెడ్తరు గదా" అంది అక్క. అలా ఏమీ పెట్టరు, సినిమాలు నమ్మకండి అని చెబుతుంటే ఆమె నన్ను ఆపింది. "మల్ల గా ముసలాయనకు మంచిగైంది గద సారూ, నువ్వేసిన సిన్మల. ఊరంత గలిసి సంబురం జేస్తే లేసి కూసున్నడు." అది తప్పక్కా, తప్పని చెప్పడానికే చూపించాను అన్నాను. "తప్పైతే ఎందుకు సూపెట్టినవ్?" అంది.

అక్క తమ్ముడు ఉండేది ఆ ఊళ్లోనే, హాలియాలో టెంటు హౌసు ఉంది. పెళ్లిళ్లకు షామియానాలు, సీరియల్ లైట్లు వేస్తాడు. విడుదలైన ప్రతి సినిమా మొదటి ఆట చూస్తాడు గనక అందరూ "డైరెక్టర్" అని పిలుస్తారు, ఆయన కూడా ఆ పేరుకే పలుకుతాడు. కథ ఆయనే తయారు చేశాడు. బావకు పోయింది కొడుకు కాదు, నీళ్లు. కాబట్టి నీళ్లు తిరిగి రావాలి. ఎండిన బోరుకు కంప్రెసర్ బండి తెచ్చి గాలి కొట్టించామని, నీళ్లు పడ్డాయని చెబుతారు. నిజానికి గడ్డివాము వెనక ట్రాక్టరు ట్యాంకరు ఉంటుంది, అందులో కాలువ నీళ్లుంటాయి, మట్టి కింద పూడ్చిన పైపులోంచి ఇంజను పెట్టి బోరు మూతిదాకా తోస్తారు. నీళ్లు పైకి ఎగజిమ్ముతాయి. బావ పరుగున వస్తాడు, నీళ్లు చూస్తాడు, కుప్పకూలతాడు, ఏడుస్తాడు, మాట్లాడతాడు. (కుప్పకూలడం లేకపోతే బాగుండదని డైరెక్టర్ పట్టుబట్టాడు.) నేను వద్దన్నాను. నిజం తెలిసిన మరుక్షణం మనిషి ఇంకా కుంగిపోతాడన్నాను. "సారూ, నువ్వు రాకున్నా మేం జేస్తం. నువ్వొస్తె జర మంచిగ జేస్తం" అన్నాడు డైరెక్టర్. ఏదైనా జరగరానిది జరిగితే పక్కన ఉండాలని వెళ్లానని సంస్థకు చెప్పాను. అది నిజమే. కానీ నేనూ ఈ నేల మీద తెర ముందు కూర్చుని పెరిగినవాణ్నే. ఏమో, పని చేస్తుందేమో అని లోపల ఒక మూల ఆశ ఉండింది. అలా ఆశపడినందుకు ఇప్పటికీ నామీద నాకు పెద్దగా కోపం లేదు.

నాటకం రోజు పొద్దున ఊరిలో సగం మంది బోరు దగ్గర చేరారు. డైరెక్టర్ గొంతు పోయేలా అందరికీ చెబుతున్నాడు. "అక్కా, నువ్వు నవ్వాలె. గట్టిగ నవ్వాలె. ఇంటిదాకా ఇనవడాలె." అక్క నవ్వి చూపించింది. "ఇంక గట్టిగ!" అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వింది. నాకు పైపు బయటపడకుండా దాని మీద నిలబడే పని ఇచ్చారు. ఇంజను మొదలైంది. నీళ్లు ముందు గుటగుటమని, తర్వాత ఒక్కసారిగా ఎగిరాయి. "పడ్డయి! నీళ్లు పడ్డయి!" అని జనం కేకలు వేశారు. ఆ కేక అబద్ధమని తెలిసి కూడా కొందరు ముసలాళ్ల కళ్లలో నిజంగా నీళ్లు తిరిగాయి. ఎన్నేళ్లయిందో ఆ ఊరు ఆ మాట అరిచి.

బావ వచ్చాడు. నెలల తరబడి పడుకున్న కాళ్లు గనక తడబడుతూ, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాడు. కుప్పకూలలేదు. ఏడవలేదు. బోరు ముందు నిలబడి నీళ్లను చూస్తూ ఉండిపోయాడు. కొత్తగా నీళ్లు పడితే మొదట తెల్లటి రాతిపొడి బురద వస్తుందని ఆయనకు తెలియకుండా ఉంటుందా, తెలియనిది నాకే. ఇవి తేటగా, కొద్దిగా పాచి వాసనతో వస్తున్నాయి. అందరమూ ఆయన ముఖమే చూస్తున్నాం. సరిగ్గా అప్పుడు నీళ్లతో పాటు బొటనవేలంత చేపపిల్ల ఒకటి బోరులోంచి ఎగిరి వచ్చి ఆయన పాదాల దగ్గర పడి టపటపా కొట్టుకుంది.

వందల అడుగుల లోతు రాతిలోంచి చేప రావడాన్ని ఏమని చెప్పాలో డైరెక్టర్ కథలో లేదు. అయినా పట్టు వదలకుండా "అదృష్టం బావా! చేప గుడ వడ్డది!" అని అరిచాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క మాత్రం నవ్వుతూనే ఉంది. చేతులు చరుస్తూ, బురదలో కూర్చుని, జుట్టు ఊడిపోయినా సవరించుకోకుండా, గట్టిగా, ఇంకా గట్టిగా నవ్వుతోంది. డైరెక్టర్ చాలక్కా అని సైగ చేశాడు. ఆమె ఆపలేదు. బావ ఆమెను చాలాసేపు చూశాడు. వంగి చేపను దోసిట్లోకి తీసుకుని, అక్కడున్న చెంబు నీళ్లలో వేశాడు. తర్వాత ఆమె దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి "మస్తు పడ్డయే నీళ్లు. ఇగ లే" అన్నాడు. మాట వచ్చింది! డైరెక్టర్ గంతులు వేశాడు. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకు తెలియకుండానే నేను నా కళ్లద్దాలు తీశాను.

అందరూ సంబరంలో ఉండగా బావ నన్ను గడ్డివాము వెనక్కు పిలిచాడు. ట్యాంకరు అక్కడే ఉంది. దాన్ని ఒకసారి చూసి నా వైపు తిరిగాడు. ఎంతో కాలంగా వాడని గొంతుతో, మాట మాటకూ ఆగుతూ మాట్లాడాడు. "తమ్మీ, బోరుల చేపలు వడవని నాకెర్కలేదా? గది గాదు సంగతి. మా ఆమెను సూసినవా? గట్ల నవ్వుడు ఎన్నడన్న ఉన్నదా? నేను గోడకు తిరిగి పండుకుంట గని నిద్రవోను. ఒక్కతే మాట్లాడుకుంటది. లేస్తది, కూసుంటది, పొద్దుగాలదాంక గట్లనే. ఇయ్యాల ఎండిన బోరుకాడ గిట్ల జేస్తాంది. ఆమె దిమాగ్ ఖరాబైతాంది తమ్మీ. జర దవాఖానకు తోలుకవోదాం." ఆ నాటకం అందరిదీ, నీ కోసమే ఆడాం అని చెప్పబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆమెకోసమంటె వస్తనంటదా? రాదు. నన్ను సూపెట్టనీకె పోతున్నమని చెప్పు. నాకు కరెంటు వెట్టినా సరే, నేనొస్త." అంత భయమున్న మనిషి ఆ మాట అన్నాడు. నేను బయటికి వచ్చి అక్కతో బావ దవాఖానకు వస్తానంటున్నాడని చెప్పాను. ఆమె బురద చేతులతోనే నాకు దండం పెట్టింది. "నీ సిన్మ పనిజేసింది సారూ" అంది.

మరునాడు ముగ్గురం నల్లగొండ బస్సు ఎక్కాం. ఆయనను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఎక్కడ దూకుతాడోనని ఆమె కొంగు బిగించి కూర్చుంది. ఆమె ఎప్పుడు నవ్వు మొదలుపెడుతుందోనని ఆయన బిక్కుబిక్కుమని చూస్తున్నాడు. ఒకరికి తెలియకుండా ఒకరు నాకు కళ్లతోనే "జర పైలం", జాగ్రత్త అని సైగ చేస్తున్నారు. వెనక సీట్లో కూర్చుని, ఇద్దరికీ తల ఊపుతూ, నేను లోలోపల నవ్వుకున్నాను కూడా. భలే తమాషా, రేపు ఆఫీసులో చెప్పాలి అనుకున్నాను. ఆయన పొరపడినందువల్ల దవాఖాన దాకా వచ్చాడు, అదే చాలు అనుకున్నాను. ఆయన పొరపడ్డాడన్న విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

డాక్టరు మేడం పొద్దుటి నుంచి రోగులను చూసి అలసిపోయి ఉన్నారు. కళ్లద్దాలు లేవు. తల ఎత్తి "పేషెంటు ఎవరు?" అన్నారు. అక్క బావను చూపించింది. బావ అక్కను చూపించాడు. వరండాలో నిలబడ్డవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మేడం నవ్వలేదు. "ఇద్దరు కూసోర్రి" అని కుర్చీలు చూపించారు. ముందు ఆయనతో మాట్లాడారు. ఎప్పటి నుంచి, నిద్ర ఎలా, ఆకలి ఎలా అని అడిగారు. ఆయన చెప్పలేని చోట అక్కే గలగలా చెప్పింది. అన్నీ రాసుకుని, మేడం కుర్చీ ఆమె వైపు తిప్పి "నువ్వు నిద్రవోతున్నవా అమ్మా?" అని అడిగారు.

"నాకేమైంది మేడం" అని అక్క నవ్వింది.

"అన్నం తింటున్నవా?"

"ఆయన తింటలేడు మేడం. ఆయన తినంది నాకెట్ల..." అని ఆగింది. అప్పటికీ పెదవుల మీద నవ్వు ఉంది. మేడం ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి అక్క నేల వైపు చూస్తూ అంది. "పురుగుల మందు డబ్బ మా తమ్మునింట్ల దాసిన మేడం. ఆయన తాగుతడని దాసిన్నని అందరికి జెప్పిన. ఆయనకు దాని యాదే లేదు. నాకే వస్తాంది యాదికి. పాలు వోసి వచ్చేటప్పుడు వాళ్లింటి ముంగలికెల్లి రావాలె. కండ్లు మూసుకోని నడుస్తున్న."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నవ్వింది, చలాకీగా మాట్లాడింది, గుడ్డ మడత పెట్టింది, పాలు పోసింది, నాటకం ఆడింది. నేను చూసిన సినిమాల్లో గానీ చదివిన పాఠాల్లో గానీ రోగి అలా ఉండడు. బావ లేచాడు. ఆమె కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, ఆమె మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చాడు. డైరెక్టర్ కోరుకున్న ఏడుపు అదేనేమో. దాన్ని చూడటానికి ఆయన అక్కడ లేడు. ఉన్న నేను చూడలేక బయటికి వెళ్లిపోయాను.

ఇద్దరికీ గోళీలు రాశారు. సినిమాల్లోలా మర్నాటికే ఏమీ మారలేదు. నెలలు పట్టింది. మధ్యలో బావ మళ్లీ గోడవైపు తిరిగాడు, అక్క మళ్లీ మళ్లీ నిద్ర లేకుండా గడిపింది. గోళీలు వేసుకున్నావా అని ఒకరినొకరు పోట్లాడుకునేవారు. ఆ పోట్లాటలే వాళ్లను నిలబెట్టాయేమో. చెంబులో చేపను వారం తిరక్కుండానే పిల్లి తిన్నది. బోరు ఎండే ఉంది, ఇప్పటికీ ఎండే ఉంది. బావ డైరెక్టర్ దగ్గర షామియానాలు కట్టడానికి వెళుతున్నాడు. మనసు బాగున్న రోజుల్లో మాట్లాడతాడు, బాగాలేని రోజుల్లో గుంజలు పాతుతాడు. ఆ కార్యక్రమానికి డబ్బులిచ్చేవాళ్లు మానేశాక నా ప్రొజెక్టరు సంస్థ గదిలో దుమ్ముపట్టింది.

ఇప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో కౌన్సిలింగ్ చేస్తున్నాను. కొత్తకోట నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఇంట్లో మనిషిని వెంటబెట్టుకుని వస్తారు. వెంట తెచ్చినవాళ్లే అంతా చెబుతారు, గడగడా చెబుతారు, మధ్యలో నవ్వుతారు. వాళ్లను చూసినప్పుడల్లా, నల్లగొండ బస్సులో వెనక సీట్లో కూర్చుని ఈ తమాషాను రేపు ఆఫీసులో ఎలా చెప్పాలా అని ముసిముసిగా నవ్వుకుంటున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. పాపం, ఆ బస్సులో బాగానే ఉన్నానని అనుకున్నది వాడొక్కడే. వాణ్ని తిట్టాలనిపించదు, తల నిమరాలనిపిస్తుంది. అన్నీ విన్నాక నేను కుర్చీ తిప్పి, చెబుతున్న మనిషిని అడుగుతాను: "నువ్వు తిన్నవా?" చాలామంది నవ్వుతారు. "నాకేమైంది సారూ" అంటారు. నేను రాసుకోవడం ఆపి, పెన్ను పక్కన పెట్టి, ఆ నవ్వు అయిపోయేదాకా కూర్చుంటాను.